ఒంటికాలి మీద నిలబడలేకపోతే ఏడేళ్ళలో పోతారా?

కావలిలో ఉండే మా పెద్దమ్మకి 72 ఏళ్ళు. పోయిన వారం ఫోన్ చేసి "ఇంక నాకు ఏడేళ్ళేనంట నాయనా" అంది, గొంతు వణుకుతోంది. వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చదివి వరండాలో ఒంటికాలి మీద నిలబడి చూసుకుందంట, నాలుగు సెకన్లకే తూలిందంట. అదే మెసేజ్ ఒంగోలు, కందుకూరు చుట్టాలు కూడా నాకు పంపారు, అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నా.

"పది సెకన్లు నిలబడలేకపోతే ఏడేళ్ళలో చావు ఖాయం." ఇది 2022లో వచ్చిన బ్రెజిల్ పరిశోధనని వంకరగా చెప్పడం. 51 నుంచి 75 ఏళ్ళ లోపు 1702 మందిని పరీక్షించి, సుమారు ఏడేళ్ళు గమనించారు. నిలబడలేనివాళ్ళలో నూటికి 17.5 మంది పోయారు, నిలబడగలిగినవాళ్ళలో 4.6 మంది. తేడా పెద్దదే, కాదనను, కానీ నిలబడలేనివాళ్ళలోనూ నూటికి 82 మంది బతికే ఉన్నారు కదా! పైగా వాళ్ళు వయసులో పెద్దవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు వాళ్ళలో మూడు రెట్లు. ఆ తేడాల్ని సర్ది లెక్క వేసినా ముప్పు 84 శాతం ఎక్కువే వచ్చింది, అయినా నిలబడలేకపోవడం వల్లే పోయారని ఆ పరిశోధన చెప్పలేదు. 71 దాటినవాళ్ళలో సగానికి పైగా నిలబడలేకపోయారు, అంటే మా పెద్దమ్మ ఈడువాళ్ళలో అది మామూలు విషయం.

"తూలితే మెదడు పాడైనట్టే." కాదు. కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళ స్పర్శ, ఈ మూడూ పంపే కబురు అందుకుని మెదడు కండరాల్ని సర్దుతుంది. వయసుతో చెవిలోని సన్నటి కణాలు తగ్గుతాయి, అరికాలి స్పర్శ మొద్దుబారుతుంది, తూలిన క్షణంలో కాలు సర్దుకోవడం ఆలస్యమవుతుంది. అందుకే పెద్దవాళ్ళు కళ్ళ మీదే ఎక్కువ ఆధారపడతారు, రాత్రి కరెంటు పోయినప్పుడో, మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకున్నప్పుడో తూలేది దానివల్లే. షుగర్ వల్ల అరికాళ్ళ నరాలు దెబ్బతింటే దూది మీద నడిచినట్టుంటుంది. శుక్లాలు, నిద్రమాత్రలు, లేవగానే బీపీ పడిపోవడం కూడా కారణాలే, వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

"రోజూ కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడండి." దయచేసి పెద్దవాళ్ళతో ఇది చేయించకండి, తుంటి ఎముక విరిగితే మంచం పట్టేస్తారు. నిలకడకి, కాళ్ళ బలానికి చేసే వ్యాయామాలు పడిపోవడాన్ని దాదాపు నాలుగో వంతు తగ్గిస్తాయని 2019లో ఎన్నో పరిశోధనల్ని కలిపి చూసి తేల్చారు, కానీ పట్టుకోవడానికి ఆధారం ఉండాలి, పక్కన మనిషి ఉండాలి.

పెద్దమ్మ ఇప్పుడు పొద్దున్నే వంటింటి గట్టు పట్టుకుని, కళ్ళు తెరిచే, ఒక్కో కాలు ఎత్తుతోంది. తర్వాత కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటోంది. బీపీ మాత్రల సంగతి డాక్టర్‌ని అడగడానికి శనివారం నేనే తీసుకెళ్తున్నా.