బీఆర్‌టీఎస్ సాకు ఇంకెన్నాళ్లు?

విజయవాడ శివారుల్లో ఏ రోడ్డు విస్తరణకు అంచనాలు తయారవుతున్నా, బస్సు ఆగడానికి చోటేది, మనిషి నడవడానికి బాటేది, సైకిలు పోవడానికి దారేది అని అడిగిన మరుక్షణం ఒకే సమాధానం వినిపిస్తోంది: 'బీఆర్‌టీఎస్ చూశాం కదా!' బీఆర్‌టీఎస్ అంటే బస్సులకు విడిగా వరుసలు కేటాయించి వేగంగా నడిపే వ్యవస్థ. దాని కోసం సత్యనారాయణపురం నుంచి పడవలరేవు వైపు సాగే రోడ్డు నడుమ కట్టిన వరుసలు బస్సులు లేక వృథాగా పడి ఉన్నాయి కాబట్టి, ఇకపై నగరం పెరిగే ఏ దిక్కునా బస్సుకు, పాదచారికి, సైకిలుకు విడిగా చోటు వదలనక్కర్లేదన్నది ఆ మాటకు తాత్పర్యం. జరిగిన తప్పును సరిదిద్దడం మాని, దాన్నే ఆనవాయితీగా చూపి కొత్త రోడ్లను కూడా అదే తీరున పాడుచేయడానికి సిద్ధపడటం మమ్మల్ని కలవరపెడుతోంది. ఈ సాకును ఈ పత్రిక అంగీకరించదు.

ఆ రోడ్డుపై ఏం జరిగిందో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2005 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం నిధులతో బాట వేశారు, నడుమ షెల్టర్లు కట్టారు, రెయిలింగులు నిలబెట్టారు. బస్సులను మాత్రం అందులో నిలకడగా నడపలేదు. ప్రత్యేక వరుస కొంత మేరకే ఉండటంతో, అది ముగిసిన చోట బస్సు మళ్లీ మామూలు రద్దీలో కలవక తప్పని స్థితి మిగిలింది. షెల్టరు రోడ్డు నడుమ ఉన్నప్పుడు అక్కడికి చేరాల్సిన ప్రయాణికుడు వాహనాలను దాటుకుంటూ వెళ్లాలి. ఆ దాటే దారికి ఇవ్వాల్సిన శ్రద్ధ ఎవరూ ఇవ్వలేదు. రోడ్డు కట్టేవారు ఒకరు, బస్సు నడిపేవారు ఇంకొకరు, వాహనాలను అదుపు చేసేవారు మరొకరు కావడంతో, ఆ వరుస తమదేనని పూచీ పడిన విభాగం ఒక్కటీ లేకపోయింది. ఇందులో బాట చేసిన తప్పేమిటి? దేశంలో ఈ తరహా వరుసలు వేసిన నగరం మనదొక్కటే కాదు. 2009 అక్టోబరులో అహ్మదాబాద్‌లో మొదలైన ఇలాంటి బస్సు వ్యవస్థ జన్‌మార్గ్ నేటికీ నడుస్తోంది. ఢిల్లీలో 2008లో అంబేడ్కర్ నగర్, మూల్‌చంద్‌ల మధ్య తెరిచిన వరుసను 2016లో తొలగించారు. మన అధికారులకు, నాయకులకు ఢిల్లీ ఉదాహరణ నోట్లోనే ఉంటుంది. అహ్మదాబాద్ ఊసు మాత్రం రాదు.

ఇప్పుడు నగరం పెరుగుతున్న చోటికి వద్దాం. బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డు వెంట వెళ్తే కానూరు, తాడిగడప, పోరంకి, పెనమలూరు ఒకదానికొకటి అతుక్కుపోయి ఎక్కడ ఒక ఊరు ముగిసి మరొకటి మొదలైందో తెలియని స్థితి. 2020లో కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి పంచాయతీలను కలిపి పురపాలక సంఘం చేశారు. పేరుకు పురపాలక సంఘం వచ్చింది గానీ, పంచాయతీ కాలపు సందుల మీద ఐదంతస్తుల అపార్టుమెంట్లు లేస్తున్నాయి. ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు, ఆటోనగర్ షెడ్లకు వెళ్లే మెకానిక్కులు, నగరంలో ఇళ్లలో పనిచేసి తిరిగొచ్చే ఆడవాళ్లు, ఉయ్యూరు నుంచీ బందరు నుంచీ వచ్చే ఉద్యోగులు, అందరికీ ఆధారం ఆ ఒక్క రోడ్డే.

సాయంత్రం ఆరు దాటాక పోరంకి సెంటర్లో పది నిమిషాలు నిలబడితే చాలు, ఏం కావాలో ఏ కన్సల్టెంటూ నివేదిక రాసి ఇవ్వనక్కర్లేదు. రోడ్డు అంచును షేర్ ఆటోలు ఆక్రమించి ఉంటాయి. వాటి వెనక మోటారు సైకిళ్లు. వాటి వెనక మురుగు కాలువ మీద పలకలు. ఆ పలకల మీద బస్సు కోసం జనం. చంకన పిల్లను ఎత్తుకున్న తల్లి ఒక కాలు పలక మీద, ఒక కాలు తారు మీద పెట్టి బస్సు నంబరు చూడటానికి మెడ సాచుతుంది. పల్లెవెలుగు వస్తుంది, అంచుకు రావడానికి చోటు లేక రెండో వరుసలోనే ఆగుతుంది. అప్పుడు జనం ఆటోల మధ్య నుంచి, కదులుతున్న బైకుల ముందు నుంచి పరుగెత్తాలి. డ్రైవరు అద్దంలో చూస్తూ నెమ్మదిగా కదిలిస్తూనే ఉంటాడు, ఎందుకంటే వెనక హారన్లు ఆగవు. ఎక్కలేని ముసలివాళ్లు మళ్లీ పలక మీదికి వెళ్లి నిలబడతారు. ఇది రోజూ జరిగేదే.

2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలైంది. పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి ఐదు రకాల బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం కల్పించారు. మంచి నిర్ణయం. అయితే ఏ మహిళ కోసం టిక్కెట్టు మాఫీ చేశారో ఆమెకు బస్సు ఎక్కే చోటు గౌరవంగా లేకపోతే, పడమటెండ ఆగే షెల్టరు లేకపోతే, ఇంటి నుంచి స్టాపు దాకా నడవడానికి దీపమున్న బాట లేకపోతే ఆ పథకం సగంలో ఆగినట్లే. బస్సు చార్జీ భరించిన ప్రభుత్వం, బస్సు పక్కకు వచ్చి ఆగే చోటైన బస్‌ బే కోసం మూడున్నర మీటర్ల నేల వదలడానికి వెనకాడటం ఏమి న్యాయం?

ఇక కాలిబాట సంగతి. మనం కాలిబాట అని పిలుస్తున్నది చాలాచోట్ల మురుగు కాలువ మూత మాత్రమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల కోసం రూపొందించిన ఐఆర్‌సీ 103 ప్రమాణాల ప్రకారం, నివాస ప్రాంతంలో కనీసం 1.8 మీటర్లు, వ్యాపార ప్రాంతంలో 2.5 మీటర్లు ఏ అడ్డంకీ లేని నడక వెడల్పు ఉండాలి, అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదు. అంటే ఆరంగుళాలు. మన దగ్గర ఆ అంచు మోకాలి ఎత్తుకు లేస్తుంది. కీళ్ల నొప్పులున్న పెద్దావిడ పక్కనున్న కరెంటు స్తంభం పట్టుకుని అడ్డంగా ఒక్కో కాలూ పైకి లాగాలి. ఎక్కాక నాలుగు అడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. దాని తర్వాత దుకాణం ముందు వాలుగా పరిచిన నున్నటి గ్రానైటు, వాన పడితే కాలు నిలవదు. ఆ తర్వాత పలక విరిగి, లోపలి ఇనుప చువ్వలు బయటకు పొడుచుకొచ్చిన గొయ్యి. ఎవరో దయగలవారు అందులో ఒక చెట్టు కొమ్మ గుచ్చి ఉంచుతారు, పడకుండా ఆనవాలుగా. ఇన్ని దాటేకంటే రోడ్డు మీద నడవడమే నయమని జనం కిందికి దిగుతారు. దిగినవారిని చూపించి, 'కాలిబాట వేసినా ఎవరూ వాడరు' అని అంచనాల్లోంచి దాన్ని కొట్టివేస్తారు. బీఆర్‌టీఎస్ సాకుకు ఇది చెల్లెలు లాంటి సాకు.

ఆ కొట్టివేత మామూలుగా ఎలా జరుగుతుందో పాఠకులు తెలుసుకోవాలి. టెండరు ప్రకటనలో రోడ్డు వెడల్పు, డ్రెయిను, డివైడరు, కాలిబాట, వీధి దీపాలు అన్నీ ఉంటాయి. పని మొదలయ్యాక స్తంభాలు జరపడానికి జాప్యం, ఒకచోట భూమి వివాదం, మరోచోట గుడి ప్రహరీ. తారు పరిచే పని ఆగదు, ఎందుకంటే బిల్లులో పెద్ద మొత్తం అక్కడే. చివరికి మిగిలిన కాలిబాటను 'రెండో దశ'లోకి నెడతారు. ఆ రెండో దశ వచ్చేలోగా ఆ నేల మీద బైకులు, బోర్డులు, జనరేటర్లు స్థిరపడిపోతాయి. ఆ తర్వాత వాటిని తొలగించడం ఆక్రమణల సమస్య అవుతుంది, తొలగించకపోవడం రాజకీయ సమస్య అవుతుంది, నడిచేవాడి సమస్య మాత్రం ఎక్కడా నమోదు కాదు.

సైకిలు గురించి మాట్లాడితే నగరంలో కొందరికి అది తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని వెళ్లేవారి వ్యాయామంగానే కనిపిస్తుంది. వేకువన పాలు, పేపరు వేసే కుర్రాళ్లు, తాపీ పనివాళ్లు, వాచ్‌మన్లు, ఆటోనగర్ కార్మికులు ఇప్పటికీ సైకిలు మీదే వెళ్తున్నారు. ఉన్నత పాఠశాలల బాలికలకు ప్రభుత్వమే సైకిళ్లు పంచిన సందర్భం ఉంది. ఆ పిల్ల ఆ సైకిలు మీద లారీకీ డివైడరుకూ మధ్య బడికి వెళ్లాలా? రెండు మీటర్ల పట్టీ, దాని మీదికి మోటారు సైకిలు ఎక్కకుండా గట్టి అంచు, పక్కన చెట్టు నీడ. ఇంతే అడుగుతున్నాం. చెట్టు మాట ఎందుకంటే, వైశాఖ మాసంలో ఈ ఊరి ఎండలో నీడ లేని కాలిబాటా సైకిలు బాటా పొద్దెక్కాక ఎవరికీ పనికిరావు. విస్తరణ పేరుతో ముందు గొడ్డలి వేటు పడేది చెట్టు మీదే.

రోడ్డు వెడల్పు తగ్గితే రద్దీ పెరుగుతుందని వాహనదారులు, పార్కింగు పోతే వ్యాపారం దెబ్బతింటుందని దుకాణదారులు అంటున్నారు. వారి ఆందోళనను వినాల్సిందే, సరుకు దింపుకోవడానికి వేళలు, వాహనాలు నిలిపేందుకు పక్క వీధుల్లో చోట్లు చూపాల్సిందే. తోపుడు బళ్లవారికి 2014 నాటి వీధి విక్రేతల చట్టం ప్రకారం స్థలం కేటాయించాల్సిందే. కానీ ఒక బస్సులో యాభై మంది వెళ్తారు. ఆ యాభై మందీ తలో బైకు తీస్తే రోడ్డు ఏమవుతుందో బెంజి సర్కిల్ రోజూ చూపిస్తూనే ఉంది. 'వాహనాలు కాదు, మనుషులు కదలాలి' అన్నది 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం సారాంశం. మెట్రో వస్తే అన్నీ సర్దుకుంటాయని మరికొందరంటున్నారు. తొలి దశ 38.4 కిలోమీటర్ల ప్రతిపాదనలో ఒక మార్గం పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి ఇదే బందరు రోడ్డు మీదుగా పెనమలూరు వరకు ఉంది. రేపు ఆ స్టేషను మెట్లు దిగినవారు కూడా కాలినడకనే ఇంటికి చేరాలి కదా.

మళ్లీ ఆ సాకు దగ్గరికే వస్తున్నాం, ఎందుకంటే అసలు ద్వంద్వ నీతి అక్కడే ఉంది. బెంజి సర్కిల్ వద్ద ఒక ఫ్లైఓవరు కట్టారు, దాని పక్కన రెండోది కట్టారు. కింద కూడలిలో రద్దీ నేటికీ తీరలేదు. అయినా 'ఫ్లైఓవరు చూశాం కదా, ఇక వద్దు' అని ఒక్క నాయకుడు గానీ, ఒక్క ఇంజినీరు గానీ అనలేదు. ఇంకా కావాలనే అడుగుతున్నారు. వేసిన ఏడాదికే తారు లేచిపోయిన రోడ్లు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి. అందుకని తారు రోడ్లు మానేద్దామని ఎవరూ ప్రతిపాదించలేదు. కార్ల కోసం కట్టినది విఫలమైతే ఇంకొంత డబ్బు కేటాయిస్తారు. బస్సు కోసం, కాలినడక కోసం కట్టినది విఫలమైతే మాత్రం అదే శాశ్వత తీర్పు అవుతోంది. ఒకే రకమైన తప్పుకు ఒకచోట మరో అవకాశం, మరోచోట మరణశాసనమా? ఈ తేడాకు కారణం చెప్పాల్సినవారు చెప్పాలి.

చట్టం వీరికి ఈ వెసులుబాటు ఇవ్వలేదు. అడ్డంకులు లేని కాలిబాటను వాడుకునే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణ కిందికి వస్తుందని 2025 మే 14న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ప్రాణం పోయినా, అంగవైకల్యం కలిగినా సంబంధిత అధికార సంస్థకు, గుత్తేదారుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198-ఎ సెక్షను చేరింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు.

శివారులో భూమి ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు. నిడమానూరు వైపు, ఇన్నర్ రింగ్ రోడ్డు వెంట, పెనమలూరు అవతల ఇవాళ కాగితం మీద గీత జరిపితే కాలిబాటకు చోటు వస్తుంది. పదేళ్ల తర్వాత అదే చోటు కోసం ఇళ్లు కూల్చాలి, పరిహారాలు కట్టాలి, కోర్టుల చుట్టూ తిరగాలి. అందుకే ముందు కాలిబాట, బస్‌ బే, రోడ్డు దాటే చోట్లు పూర్తిచేసి, తర్వాతే తారు బిల్లు చెల్లించాలన్న షరతు ప్రతి టెండరులో ఉండాలి. జాతీయ రహదారి ఇంజినీర్లు, పురపాలక సంఘం, ఆర్టీసీ, ట్రాఫిక్ పోలీసులు, విద్యుత్ శాఖ ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా ఒక్కో రోడ్డుకు ఒక్క అధికారిని పూచీగా నిలపాలి. బీఆర్‌టీఎస్ వరుసలో బస్సులు ఎందుకు నడపలేకపోయారో, ఇప్పుడేం చేయదలచుకున్నారో ప్రజల ముందు రాతపూర్వకంగా పెట్టాలి. అది పెట్టేదాకా ఆ పేరు చెప్పి మరో రోడ్డులో బస్సుకు చోటు నిరాకరించే హక్కు వారికి లేదు.

నడిచే జనం ఎంతకాలమని తారు మీదికి దిగి ప్రాణాలు పణంగా పెట్టాలి? శివారు రోడ్ల పనుల కొలతలు నమోదు చేసే ఎం-బుక్‌లు ఇప్పుడు ఇంజినీర్ల బల్లల మీదే ఉన్నాయి. అందులో కాలిబాట కొలతల వరుస ఖాళీగా ఉండగా బిల్లుపై సంతకం పెట్టే చేతికి, రేపు ఆ రోడ్డు మీద పోయే ప్రాణంతో సంబంధం లేదని ఎవరూ అనలేరు.