దూరపు నీటికి పద్దు ఉంది, గెడ్డ నీటికి లేదు

వేసవి వచ్చిందంటే విశాఖలో చర్చంతా ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల మట్టాల చుట్టూ తిరుగుతుంది. సింహాచలం కొండల మీద పడిన వాన గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి దిగి, దారిలో మురుగును కలుపుకొని సముద్రం పాలవుతుంటే దాన్ని నిలిపే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మాత్రం అంతగా వినిపించదు. ఇది ఇంజినీర్ల లోపం కాదు, అధికారాలను పంచిన తీరులోని లోపం.

ఏలేరు నీరు వంద కిలోమీటర్లకు పైగా కాలువలో ప్రయాణించి నగరానికి చేరుతుంది. జలాశయాలపై జలవనరుల శాఖకు అధికారం ఉంది. పరిశ్రమల సరఫరా కోసం ప్రత్యేక కంపెనీ ఏర్పడింది. ఇళ్ల కుళాయిలు మహా విశాఖ నగర పాలక సంస్థ (జీవీఎంసీ) చేతిలో ఉన్నాయి. భూగర్భ జలాలను కొలిచేది ఇంకో శాఖ. ఇంకుడు గుంతను ప్లాను ఆమోదంలో అడుగుతారు గానీ, పదేళ్ల తర్వాత అది పూడిపోయిందో లేదో చూడడం ఆ ఆమోదం పరిధిలోకి రాదు.

రైవాడ నీరు తమ సాగుకే కావాలని శారదా నది ఆయకట్టు రైతులు ఏళ్లుగా అడుగుతున్నారు. నగరం లీకేజీలు అరికట్టి వాడకం తగ్గించుకుంటే ఆ మేలు వారికి చేరవచ్చు, కానీ పొదుపు చేసిన విభాగానికి దానివల్ల జమ అయ్యేదేమీ లేదు. కొత్త పైపులైనుకు నిధులు అడగడం సులువు, పాత పైపు మరమ్మతుకు అడగడం కష్టం. చెన్నైలో కొడుంగైయూరులో శుద్ధి చేసిన మురుగునీరు 2019 నుంచి మనలి పరిశ్రమలకు అందుతోంది కాబట్టి, మురుగును తిరిగి వాడే సాంకేతికత లేదన్న సాకు చెల్లదు.

వీటన్నిటినీ నిలదీయాల్సిన వేదిక నగర పాలక మండలి. 1992లో ఆమోదం పొందిన 74వ రాజ్యాంగ సవరణ, నీటి సరఫరాను పట్టణ సంస్థలకు అప్పగించదగిన విధుల్లో చేర్చింది. అయినా 2007లో ఎన్నికైన మండలి గడువు 2012లో ముగిశాక, 2021 దాకా విశాఖకు కార్పొరేటర్లే లేరు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను ధాటికి కరెంటు పోయి, పంపులు ఆగి, జనం నీటికి అల్లాడినప్పుడు కూడా సమాధానం చెప్పాల్సిన ఎన్నికైన మేయరు లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

నది నీరు, వాన నీరు, బోరు నీరు, శుద్ధి చేసిన నీరు అన్నీ ఒకే పద్దులో ఏటా మండలి ముందుకు రావాలి. ఏ శాఖ ఎంత తెచ్చిందన్నదానితో పాటు ఎంత పోగొట్టిందన్నదీ అందులో ఉండాలి. ఇతర శాఖల నుంచి ఆ లెక్కలు రాబట్టే అధికారం జీవీఎంసీకి లేదు గనుక, ఆ మేరకు ఉత్తర్వు రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి.