గిలాసలో రెండు ఇనుప కడ్డీలు

పోయిన ఆదివారం నల్గొండలో మా ఇంటికి ఒక శాస్త్రవేత్త వచ్చాడు. మెడలో టై, చేతిలో సూట్‌కేసు. ఆర్వో మిషన్లు అమ్ముతాడట. ఒక గిలాసలో మా బోరు నీళ్లు, ఇంకోదాంట్లో తను తెచ్చిన సీసా నీళ్లు పోసి, ప్లగ్గుకు తగిలించిన ఇనుప కడ్డీలు ముంచాడు. రెండు నిమిషాల్లో మా నీళ్లు చింతపులుసు రంగుకు తిరిగాయి. అమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఇన్నేండ్లు మనం తాగింది ఇదా బిడ్డా?"

ఇది కాదమ్మా, ఆ రంగు కడ్డీలది. మన నీళ్లలో లవణాలున్నాయి కాబట్టి కరెంటు పారి ఇనుము కరిగింది, అతని నీళ్లలో లేవు కాబట్టి పారలేదు. చెబుదామనే అనుకున్నా. కానీ టై కట్టినవాడి ముందు లుంగీ కట్టినవాడు సైన్సు చెబితే ఎవరు వింటారు?

ఆ అవమానం తీరక, అసలు శాస్త్రవేత్తలు ఏం వడగడుతున్నారో చదివాను. మెటల్-ఆర్గానిక్ ఫ్రేమ్‌వర్కులని, లోహపు అయాన్లు ముడులుగా, కర్బన అణువులు కమ్మీలుగా అల్లిన స్ఫటికాలట. 2025 కెమిస్ట్రీ నోబెల్ కితగావా, రాబ్సన్, యాఘీలకు వచ్చింది వీటికే. మన ఆర్వో పొర చిక్కుపడ్డ దారపు ఉండలాంటిది, సందు ఎక్కడ దొరికితే అక్కడే. ఈ స్ఫటికాల్లో ప్రతి రంధ్రం ఒకటే వరసలో, ఒకటే కొలతలో ఉంటుంది. జిఫ్-8 అనే స్ఫటికంలో రంధ్రపు గుమ్మం సుమారు 0.34 నానోమీటర్లు: ప్రొపిలీన్ గ్యాసు దూరిపోతుంది, దాదాపు అంతే ఉండే ప్రొపేన్ తంటాలు పడుతుంది. పైగా వీటిని చిప్పు మీద కావలసిన చోటే ముగ్గేసినట్టు గీస్తున్నారు, గోరంత పరికరంలో గ్యాసులు పసిగట్టే సెన్సారు ఇమిడేలా. యూఐఓ-66 అని ఇంకోటి ఉంది, ఓస్లో యూనివర్సిటీ పేరు మీద. దాని సందుల్లోంచి క్లోరైడ్ కంటే ఫ్లోరైడ్ చాలా తొందరగా దాటిపోతుందని ల్యాబులో చూపించారు. ఫ్లోరైడ్‌ను పేరు పెట్టి పిలిచే గుమ్మం!

మన ఊరి పేరు మాత్రం తక్కువా? పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీవాళ్లు తయారుచేస్తే దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరు పడింది. టాంజానియా, ఇథియోపియా దాకా పోయింది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిన నడుములకే వీసా రాలేదు.

ఇక ఈ స్ఫటికాలతో చేసే కొత్త పొరల జబ్బు చదివాక వీళ్లు మనవాళ్లే అనిపించింది. రంధ్రాలు నిఖార్సైనవే, కానీ స్ఫటికానికీ స్ఫటికానికీ మధ్య అతుకు వదులైతే అన్నీ అందులోంచే జారుకుంటాయట. అంచు ఊడిన జల్లెడలో పిండి పట్టినట్టే. మా వీధిలో కృష్ణా నీళ్ల పైపు జాయింటు దగ్గర నెల రోజులుగా ఊటబావి ఉంది, గేదెలకు దారి కూడా తెలిసిపోయింది. అందుకని నా డిమాండ్ ఒకటే, అతుకుల మీద పరిశోధనా కేంద్రం నల్గొండకే ఇవ్వాలి. అనుభవం ఉన్నవాళ్లం, లీకేజీ దగ్గర కొబ్బరికాయ కొడితే శంకుస్థాపన కూడా అయిపోతుంది.

అన్నట్టు మన టై శాస్త్రవేత్త పోయేముందు తన సీసా నీళ్లలో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి "42 సార్, అమృతం" అన్నాడు. అది కరిగిన లవణాలన్నిటి మొత్తానికి అంచనా చెబుతుంది గానీ అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు కదా, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు, అదెంతుంది అని అడిగా.

"దానికి వేరే మీటరు ఉంటది సార్, స్టాకు లేదు. ఈఎంఐ పెట్టాల్నా?"