చెక్‌డ్యాం మీద బోర్డు, బోరులో గాలి

అనంతపురం జిల్లాలో ఒక వంకకు అడ్డంగా కట్టిన చెక్‌డ్యాం అది. మే నెలలో చూశాను. గోడకు ఒక చివర నున్నటి గ్రానైట్ బండ. దాని మీద ఒక పెద్ద కంపెనీ పేరు, సామాజిక బాధ్యత నిధులతో కట్టించినట్టు రెండు భాషల్లో రాత, కింద ఏడాదికి ఇన్ని లక్షల లీటర్లు భూమిలోకి ఇంకుతాయని ఒక అంకె. గోడకు ఎగువన మోకాటి లోతు పూడిక, అందులో మొలిచిన కంపచెట్లు, వాటి నీడన మేకలు. వెంట వచ్చిన రైతు చేతికర్రతో పూడికలో గుచ్చి చూపించాడు. కర్ర సగం దిగింది. "ఇది నిండుతుందా?" అని అడిగాను.

"పడితే నిండుతాది సామీ. పడని యేటి లెక్క ఆ బండ మీద రాయలే" అన్నాడు.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే జిల్లా అది. ఆ మాత్రమైనా సక్రమంగా పడని ఏళ్లే ఎక్కువ. అయినా బండ మీద చెక్కిన అంకె మారదు. ఇలాంటి బండల మీది అంకెలన్నీ కూడితే వచ్చే మొత్తానికి ఇప్పుడు కంపెనీలు పెట్టుకున్న ముద్దుపేరు 'వాటర్ పాజిటివ్'. వాడుకున్నదాని కంటే ఎక్కువే ప్రకృతికి తిరిగిచ్చేశాం అని అర్థం. కూల్‌డ్రింకు కంపెనీ నుంచి సిమెంటు ఫ్యాక్టరీ దాకా, సాఫ్ట్‌వేర్ క్యాంపస్ నుంచి డేటా సెంటర్ దాకా ఇప్పుడు అందరిదీ ఇదే పాట. సూటిగా చెప్తాను. కంపెనీ మొత్తానికి కలిపి వేసే నీటి లెక్క అసలు లెక్కే కాదు. ఫ్యాక్టరీ గేటు పక్కన ఉన్న బోరులో నీటిమట్టం ఎంతో చెప్పని నివేదిక ఎంత అందంగా అచ్చయినా అది ప్రకటన కిందే జమ.

ఆ లెక్క ఎలా పుడుతుందో చూడండి. ఒక చెక్‌డ్యాంలో పది వేల ఘనపు మీటర్ల నీరు నిలుస్తుందనుకుందాం. అంటే కోటి లీటర్లు. ఏడాదికి మూడుసార్లు నిండుతుందని ఇంజినీరు అంచనా వేస్తే మూడు కోట్ల లీటర్లు. కట్టినది పదేళ్లు నిలుస్తుందనుకుంటే ఏటా మూడు కోట్లు చొప్పున కంపెనీ ఖాతాలో జమ. ఇందులో కొలిచింది ఏదీ లేదు, అంతా అంచనాయే. ఎండకు ఆవిరైంది ఎంత, పూడిక తిన్నది ఎంత, రెండో ఏడు వంకలో నీళ్లు అసలు పారాయా అన్నవి ఆ గుణకారంలో కనిపించవు. తోడుకున్న నీరు మాత్రం ప్రతి లీటరూ నిజం. మోటారు అంచనాల మీద నడవదు.

ఇంకో చిక్కుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. ఎగువ చెరువు అలుగు పారితేనే దిగువ చెరువులోకి నీళ్లు. మధ్యలో వంక మీద వరసగా చెక్‌డ్యాంలు కట్టుకుంటూ పోతే ఎగువ ఊళ్లో ఫొటో బాగానే వస్తుంది, దిగువ ఊరి చెరువు తూము దాకా నీళ్లు రావు. పాతకాలంలో ఏ తూము ఎప్పుడు ఎత్తాలో తెలిసిన నీరుగంటి ఊరికొకడు ఉండేవాడు. కంపెనీ వాళ్ల పటంలో దిగువ ఊరు ఉండదు, ఆ ఊరి నీరుగంటి మాట అడిగే పనీ ఉండదు.

అసలు ఈ తంటా అంతా కార్బన్ లెక్కను అరువు తెచ్చి నీటికి అంటించడంతో వచ్చింది. రామగుండంలో వదిలిన పొగకు బదులు ఎక్కడో అడవి పెంచామంటే అందులో కొంత అర్థం ఉంది, ఆకాశం అందరికీ ఒకటే కాబట్టి. నీరు అలా కాదు. ఈ ఊరి రాతిపొరల కింద నీళ్లు తోడేసి, మూడు వందల కిలోమీటర్ల అవతల చెరువు పూడిక తీయిస్తే ఈ ఊరి బోరులోకి చుక్క రాదు. పక్కింటి బావిలో నీళ్లు తోడుకుని మేనత్తగారి ఊళ్లో చలివేంద్రం పెట్టినట్టు ఉంటుంది ఆ పుణ్యం.

కోకా-కోలా కథ గుర్తు చేసుకోవాలి. తన పానీయాల్లో వాడిన ప్రతి చుక్కకూ సమానమైన నీటిని ప్రజలకు, ప్రకృతికి తిరిగిస్తామని 2007లో ఆ కంపెనీ లోకమంతటికీ మాట ఇచ్చింది. 2020 గడువుకు ఐదేళ్ల ముందే లక్ష్యం చేరామని ఆనక ప్రకటించుకుంది కూడా. ఆ లక్ష్యం లెక్కలో ఉన్నది సీసాలో పోసిన పానీయం పరిమాణమే. అందులోని చక్కెర కోసం చెరకు తోటలు తాగిన నీళ్లు ఆ లెక్కలోకి రావు. మరి అదే కాలంలో రాజస్థాన్‌లో, జైపూర్ దగ్గరి కాలాదేరాలో ఏం జరిగింది? భూగర్భ జలాలు అడుగంటిన ప్రాంతం అది. కంపెనీయే డబ్బిచ్చి చేయించిన టెరి (ఇంధన, పర్యావరణ పరిశోధన సంస్థ) అధ్యయనం 2008లో నాలుగు దారులు చూపింది: వేరేచోట నుంచి నీళ్లు తెచ్చుకోండి, నిల్వ చేసుకోండి, ప్లాంటును తరలించండి, లేదంటే మూసేయండి. 2016లో అక్కడ సీసాలు నింపడం ఆగిపోయింది. లోకమంతా కలిపితే చుక్కకు చుక్క తిరిగిచ్చేసిన కంపెనీకి కాలాదేరాలో నీళ్లు లేవు. 'సగటు' అనే మాట ఎంత గొప్ప దుప్పటో ఇంతకంటే చక్కగా ఎవరు చెప్పగలరు?

ప్లాచిమడ సంగతి చాలామందికి తెలిసిందే. కేరళలోని పాలక్కాడ్ జిల్లా, పెరుమాట్టి పంచాయతీ. 2000లో కోకా-కోలా ప్లాంటు వచ్చింది, బావుల్లో నీళ్లు దిగజారి, మిగిలినవి వాడుకోలేని స్థితికి వచ్చాయని ఆదివాసీ మహిళలు గేటు ముందు కూర్చున్నారు, 2003లో పంచాయతీ లైసెన్సు పొడిగించనంది, 2004లో ప్లాంటు ఆగింది. ఆ ఉద్యమానికి ముందు నిలిచిన మయిలమ్మ చదువుకున్న మనిషి కాదు. ఆమె చూపించిన రుజువు బావి నీళ్లతో వండిన అన్నం. 2010లో ప్రభుత్వ కమిటీ నష్టాన్ని 216 కోట్ల రూపాయలుగా తేల్చింది. ఆ పరిహారం వసూలుకు ట్రైబ్యునల్ పెట్టాలని కేరళ శాసనసభ 2011లో బిల్లు చేస్తే దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. గొడవ మధ్యలో హైకోర్టు రెండు రకాలుగా మాట్లాడింది. 2003 డిసెంబరులో ఏకసభ్య ధర్మాసనం భూగర్భ జలం ప్రజల ఆస్తి, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అంది. 2005లో ద్విసభ్య ధర్మాసనం దాన్ని పక్కన పెట్టి రోజుకు 5 లక్షల లీటర్ల దాకా తోడుకోవచ్చంది. ఈ తగువు వెనక ఉన్నది 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం. నేల ఎవరిదో కింది నీళ్లు వాళ్లవే అన్న ఆ పాత భావన ఇంకా మనల్ని వదల్లేదు. ఎకరం కొన్నవాడు ఊరి నీళ్లన్నీ కొన్నట్టే.

కంపెనీల వైపు వాదన ఒకటుంది, అందులో నిజమూ ఉంది. దేశంలో తోడే భూగర్భ జలంలో 87 శాతం దాకా సేద్యానికే పోతోంది, పరిశ్రమలు తాగేది చాలా తక్కువ, ఉచిత కరెంటుతో వరికి తోడే నీళ్లను వదిలేసి ఉద్యోగాలిచ్చే ఫ్యాక్టరీని తిట్టడమేమిటి అంటారు. దేశం లెక్కలో అది సరే. కానీ రైతు బోరు దేశం సగటులో ఉండదు. కంచెకు అవతల వెయ్యి అడుగుల బోరు పగలూ రాత్రీ నడుస్తుంటే ఇవతల మూడు వందల అడుగుల బోరులో గాలి వస్తుంది. ఆ రైతుకు 87 శాతం గురించి చెప్పి చూడండి.

చట్టం ఏం చేస్తోంది మరి? 2013 కంపెనీల చట్టం కింద ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట అందులో ఉంది, కానీ అది సలహాగానే మిగిలింది. స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు ఎంత నీరు తోడాయో ఏటా చెప్పాలని నిబంధన పెట్టింది. మంచిదే. కానీ ఆ ఫారంలో ఒక తమాషా ఉంది. కంపెనీ మొత్తం మీద వాడిన నీరు తప్పనిసరిగా చెప్పాలి. నీటి ఎద్దడి ఉన్న చోట ఏ ప్లాంటు ఎంత తోడిందో మాత్రం ఇష్టమైతే చెప్పొచ్చు. అడగాల్సిన ఒకే ఒక్క ప్రశ్నను ఐచ్ఛికం చేశారు! ఇక్కడి స్టాక్ మార్కెట్లో లేని విదేశీ కంపెనీలకు ఆ ఫారం బెడదే లేదు. అదే మన పక్కన రైతు బోరు వేయాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద దరఖాస్తు పెట్టుకోవాలి, భూగర్భ జల శాఖ వాళ్లు వచ్చి చూడాలి, ఊరు మితిమీరి తోడిన జాబితాలో ఉంటే కొత్త బోరు ఊసే ఎత్తకూడదు.

ఆ రోజు చెక్‌డ్యాం చూశాక ఊళ్లోకి వెళ్లాం. బడి పక్కన ఒక పాత గోడ. దాని మీద నీలం రంగు వెలిసిపోయిన ఒక పట్టిక. వాన ఎంత పడింది, ఏ బోరులో నీళ్లు ఎన్ని అడుగుల లోతున ఉన్నాయి, రబీకి మిగిలినవి ఎన్ని. అంకెలు సగం చెరిగిపోయాయి. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిచిన కార్యక్రమం గుర్తది. ఏపీఎఫ్ఏఎంజీఎస్ (రైతులే నడుపుకునే భూగర్భ జల వ్యవస్థలు) అని నోరు తిరగని పేరు. చేసిన పని మాత్రం చాలా తేలిక. వానమాపకం పెట్టారు. పదిహేను రోజులకోసారి ఎంపిక చేసిన బోరులోకి టేపు దించి మట్టం కొలిచారు. కొలిచింది మహిళలు, రైతులు. రబీ ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేయాలనుకున్న పంటలకు కావలసినవెన్ని అని లెక్క కట్టారు. చాలదని తేలితే ఏ పంట వేయాలో ఎవరికి వాళ్లు ఆలోచించుకున్నారు. ఎవరూ ఎవరినీ శాసించలేదు, సబ్సిడీ ఎర లేదు. లెక్క గోడ మీద ఉంది, అంతే. చాలామంది వరి తగ్గించుకున్నారు.

ఏడో తరగతి దాటని రైతు చేయగలిగిన పనిని, ఎండీకి ముగ్గురు సెక్రటరీలు ఉన్న కంపెనీ చేయలేదా? గేటు దగ్గర మీటరు, ఫ్యాక్టరీ చుట్టూ ఐదారు ఊళ్లలో మట్టం కొలిచే బోర్లు, నెలనెలా అంకెలు పంచాయతీ గోడ మీద. దీనికి కన్సల్టెంట్ అక్కర్లేదు. చేయకపోవడానికి కారణం ఖర్చు కాదు. అంకె బయటపడితే దాని మీద ఊరు మాట్లాడుతుంది.

నీళ్లను దాటి నేను చాలాకాలంగా చెబుతున్న మాట కూడా ఇక్కడే ఉంది. లెక్కను ఎవరు రాశారన్నది కాదు, ఎవరి ముందు చదివారన్నది ముఖ్యం. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగిన తీరు చూసినవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. మస్టర్ రోలు పట్టుకుని ఊరి రచ్చబండ దగ్గర పేరుపేరునా చదివేవారు. పోయినవాడి పేరు మీద కూలి పడితే, "ఆయన పోయి రెండేళ్లయింది గదయ్యా" అని గుంపులోంచి ఓ ముసలమ్మ అనేది. ఆడిటర్ సంతకాలన్నీ ఉన్న కాగితం ఆ ఒక్క మాటతో చిత్తుకాగితం అయ్యేది. పేదవాడి కూలికి ఇంత తనిఖీ పెట్టాం. కంపెనీ తోడే నీళ్లకు మాత్రం కంపెనీయే ఫీజు కట్టి పిలిపించుకున్న సంస్థ సర్టిఫికెట్ ఇస్తే నమ్మేస్తున్నాం.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, విశాఖ. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో గూగుల్ డేటా సెంటర్ అని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చింది. రావద్దనడం లేదు. యంత్రాలను చల్లబరచడానికి దానికి నీళ్లు కావాలి. అయితే రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాలు, ఉక్కు ఫ్యాక్టరీ కోసం తవ్విన ఏలేరు కాలువ, వీటి మీద బతికే నగరమది. వేసవి వస్తే వాటిలో మట్టాలు చూసుకుని సరఫరా చేసుకునే నగరం. వాడే మంచినీటిలో 120 శాతం 2030 నాటికి తిరిగి నింపుతామన్నది గూగుల్ మాట. ప్రపంచం మొత్తం మీద 120 శాతమా, మేఘాద్రిగెడ్డలో 120 శాతమా?

అమెరికాలోని ఒరెగాన్‌లో ద డాల్స్ అని చిన్న ఊరుంది (మనవాళ్లుండే టెక్సస్ డాలస్ కాదు). గూగుల్ డేటా సెంటర్లు అక్కడ ఎన్ని నీళ్లు తాగుతున్నాయని 2021లో ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యం అంటూ ఊరి ప్రభుత్వమే ఆ పత్రిక మీద కోర్టుకెక్కింది. ఏడాదికి పైగా లాగి, 2022 డిసెంబరులో రాజీపడి అంకె ఇచ్చింది. 2021లో 35.5 కోట్ల గ్యాలన్లు, అంటే సుమారు 134 కోట్ల లీటర్లు. ఊరు మొత్తం వాడిన నీటిలో పావు వంతుకు పైగా.

మన సమాచార హక్కు చట్టంలోనూ 8(1)(డి) కింద వ్యాపార రహస్యం అనే మినహాయింపు ఉంది, విశాల ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందేనన్న మెలికా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు. డేటా సెంటర్ రానున్న ఆనందపురం మండలంలో ఎవరైనా ఒక తెల్లకాగితం మీద మూడు ప్రశ్నలు రాయొచ్చు: మీటరు ఎక్కడ బిగిస్తారు? రీడింగు ఎవరు రాసుకుంటారు? ఆ పుస్తకం ఏ ఆఫీసులో, ఏ బీరువాలో ఉంటుంది?