‘శిక్షణ పొందినవారు’ అనే గడి గారికి

మహారాజశ్రీ గడి గారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు, నేను మాత్రం మిమ్మల్ని చాలా నివేదికల్లో చూశాను. పరాయి దేశపు సైన్యానికి తర్ఫీదు ఇచ్చే పనిని ప్రభుత్వం ఒక కంపెనీకి గుత్తకు ఇస్తుంది. కంపెనీ పదవీ విరమణ చేసిన సార్జెంట్లనూ కర్నళ్లనూ పోగుచేసి పంపుతుంది. నెల తిరిగేసరికి పట్టిక వస్తుంది. ఎడమ చివర కోర్సు పేరు, మధ్యలో తేదీలు, కుడి చివర మీరు: ‘శిక్షణ పొందినవారు’. మీ తర్వాత ఇంకో గడి ఉండదు. మీలో అంకె పడితే పని అయినట్టే. ఈ వ్యాపారంలో జనరల్ కన్నా మంత్రి కన్నా మీరే పెద్దవారని అర్థమై, మధ్యవర్తులు లేకుండా మీకే రాస్తున్నాను.

మీ ఘనతలన్నిటిలో నాకు అఫ్ఘానిస్తాన్ చదువుల బడి చాలా ఇష్టం. అక్షరం రాని సిపాయికి ఆయుధాల లెక్క అప్పగించలేరు కదా. అందుకని 2010లో అమెరికా పక్షం మూడు కంపెనీలకు అయిదేళ్లకు 20 కోట్ల డాలర్ల ఒప్పందాలు ఇచ్చింది, అఫ్ఘాన్ సైనికులకూ పోలీసులకూ చదువు చెప్పమని. మొదటి స్థాయి పాసవడమంటే విడి పదాలు చదవడం, రాయడం, వెయ్యి దాకా లెక్కపెట్టడం, కూడికలు, తీసివేతలు. 2014లో, అఫ్ఘాన్ పునర్నిర్మాణ ఖర్చును పరిశీలించే అమెరికా ప్రభుత్వ తనిఖీ సంస్థ సిగార్ ఆ కాగితాలు తిరగేసింది. వచ్చిన చదువును బయటివారెవరైనా సరిచూడాలన్న షరతు మూడింటిలో ఒక్క ఒప్పందంలోనూ లేదు. నేర్చుకున్నవాడు ఏ పటాలానికి వెళ్లాడో వెంబడించి తెలుసుకునే ఏర్పాటూ లేదు. సిపాయి వెయ్యి దాకా లెక్కపెడితే చాలు. మీకు మాత్రం వెయ్యి ఏ మూలకు?

అందుకే లక్షల్లోకి వెళ్లారు. 2021 జూలై 8న అధ్యక్షుడు బైడెన్ అఫ్ఘాన్ సేనల బలం మూడు లక్షలని దేశానికి చెప్పారు. ఆగస్టు 15న కాబూల్ పడిపోయింది. అఫ్ఘానిస్తాన్ మాజీ ఆర్థిక మంత్రి ఖాలిద్ పాయెందా తర్వాత చెప్పిందేమిటంటే, ఆ మూడు లక్షల్లో చాలామంది అసలు లేరు, వారి పేరిట వచ్చిన జీతాలు పైవాళ్ల జేబుల్లోకి పోయాయి. చెరువు పనుల మస్టరులో చచ్చినవాళ్ల పేర్లు రాసే మేస్త్రీలను చూసి మనం ముక్కున వేలేసుకుంటాం కానీ, గడి గారూ, మీ ముందు వాళ్లవి కాకి లెక్కలు కూడా కావు, కాకి పిల్లల లెక్కలు.

ఉన్న కొద్దిమంది మాటా చెప్పాలి. అఫ్ఘాన్ వైమానిక దళానికి విమానాలు ఇచ్చారు, నడపడం నేర్పారు. బాగుచేసే పని చాలావరకు విదేశీ కాంట్రాక్టర్ల చేతుల్లోనే ఉండిపోయింది. అమెరికా సైన్యం వెళ్తూ వాళ్లనూ వెంటబెట్టుకుపోయాక, రెక్కలున్న దళం నేల మీద మిగిలింది. పైలట్లు మీ లెక్కలో ‘శిక్షణ పొందినవారే’, అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇరాక్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2003లో కొత్త సైన్యాన్ని తయారుచేసే పనిని 4.8 కోట్ల డాలర్లకు విన్నెల్ అనే అమెరికన్ కంపెనీకి అప్పగించారు. మొదటి బెటాలియన్ అక్టోబరులో కవాతు చేసి పట్టాలు పుచ్చుకుంది. డిసెంబరు నాటికి దాదాపు సగం మంది జీతం చాలడం లేదని చెప్పి ఇంటిదారి పట్టారు. మీలోని అంకె మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇదే కంపెనీ 1975 నుంచి సౌదీ నేషనల్ గార్డ్‌కు తర్ఫీదు ఇస్తూ వచ్చింది. మేం కిరాయి సైనికులం కాము, తుపాకీ పేల్చేది మేం కాదు, పేల్చేవాళ్లకు నేర్పుతామంతే అని ఆ రోజుల్లో దాని మనిషి ఒకరు పత్రికవారికి తేడా విడమరిచి చెప్పాడు. ఇంత స్పష్టంగా మాట్లాడేవారు ఇప్పుడు ఆ రంగంలో దొరకరు.

మీరు ఒక్కసారి మాత్రం నిజం పలికారు. సిరియా తిరుగుబాటుదారులకు తర్ఫీదు ఇచ్చే 50 కోట్ల డాలర్ల కార్యక్రమం గురించి 2015 సెప్టెంబరులో అమెరికా సెనేట్ కమిటీ అడిగింది, ఇప్పుడు పోరాటంలో ఎందరున్నారని. జనరల్ లాయిడ్ ఆస్టిన్ జవాబు: నలుగురో అయిదుగురో. అది కంపెనీ గుత్త కాదు, సైన్యమే నడిపిన పని. అయినా గడి గడే కదా. ఏటా 5,400 మంది అని మొదలైన అంకె ఒక చేతి వేళ్లకు దిగేసరికి మీరెంత నొచ్చుకున్నారో ఊహించగలను.

నా మటుకు ఈ రంగంలో అన్నిటికన్నా గొప్ప ఫలితం పాపువా న్యూ గినీలో వచ్చింది. బూగన్‌విల్ ద్వీపంలో రాగి గని, దాని చుట్టూ ఏళ్ల తరబడి తిరుగుబాటు. 1997 జనవరిలో ప్రధాని జూలియస్ చాన్ ప్రభుత్వం లండన్ కేంద్రంగా నడిచే శాండ్‌లైన్ కంపెనీతో 3.6 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకుంది, సగం ముందే చెల్లించింది. తమ ప్రత్యేక దళానికి తర్ఫీదు ఇవ్వాలి, వారితో కలిసి ద్వీపాన్ని చేజిక్కించుకోవాలి. మార్చిలో ఆ దేశ సేనాధిపతి జెర్రీ సింగిరోక్ తన సైనికులతో పక్కా పథకం వేసి, ఒక్క రాత్రిలో, రక్తం చిందకుండా, ఆ శిక్షకులనే పట్టి నిర్బంధించాడు. ప్రధాని దిగిపోవాలన్నాడు. కొద్ది రోజులకు ప్రధాని పక్కకు తప్పుకున్నాడు కూడా. రహస్యం, వేగం, సమన్వయం: మూడింటిలోనూ ప్రథమ శ్రేణి! శిష్యులు ఇంతకన్నా బాగా ఎక్కడైనా పరీక్ష రాశారా? మిగిలిన డబ్బు కోసం కంపెనీ మధ్యవర్తుల దగ్గరికి వెళ్తే తీర్పు కంపెనీ పక్షానే వచ్చింది. న్యాయమే. చదువు చెప్పినందుకు ఫీజు, శిష్యుడు ఎవర్ని కొట్టాడన్న దానితో పనేముంది?

పేర్లు పెట్టడంలోనూ మీ వంశానికి సాటి లేదు. 1994లో ఎంపీఆర్ఐ అనే అమెరికన్ కంపెనీ క్రొయేషియాతో కుదుర్చుకున్న పని పేరు ప్రజాస్వామ్య పరివర్తన సహాయ కార్యక్రమం. మరుసటి ఆగస్టులో క్రొయేషియా సైన్యం ‘తుఫాను’ అనే దాడితో నాలుగు రోజుల్లో సెర్బుల చేతిలో ఉన్న క్రాయినా ప్రాంతాన్ని గెలుచుకుంది, లక్షన్నర పైగా సెర్బులు ఇళ్లు వదిలి పోయారు. యుద్ధవ్యూహాలు మేం నేర్పలేదని కంపెనీ ఖండించింది. పౌర ప్రభుత్వానికి సైన్యం ఎలా లోబడి ఉండాలో చెప్పామంతే అన్నది. నేను కాదనను. 2017 చివర రష్యా మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌కు పంపుతామన్న శిక్షకుల లెక్క ఇంకా ముచ్చటైనది: సైనికులు అయిదుగురు, ‘పౌరులు’ 170 మంది. ఆ పౌరుల వెనుక వాగ్నర్ అనే రష్యా కిరాయి సైనిక సంస్థ ఉందని లోకం తెలుసుకోవడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఒక్క మాట వ్యంగ్యం పక్కన పెట్టి చెబుతాను. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో సౌదీ పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీని చంపిన బృందంలో నలుగురు, అంతకు ముందు ఏడాది అమెరికాలో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర తర్ఫీదు పొందినవారు. విదేశాంగ శాఖ అనుమతి ఉంది. నేర్పింది ఆత్మరక్షణ, అంగరక్షణ విద్యలేనని, హత్యకూ దానికీ సంబంధం లేదని జవాబు వచ్చింది. కావచ్చు. ఆ నలుగురూ మీలో ఎక్కడో నాలుగు అంకెలుగా ఇప్పటికీ ఉన్నారు. కోర్సు పూర్తి.

ద్రోణుడు కూడా జీతం మీద పనిచేసిన శిక్షకుడే. ఆయనకు మీరు తగిలి ఉంటే ఏం రాసేవారో నాకు తెలుసు: పాండవులు 5, కౌరవులు 100, సొంత కొడుకు 1, ధృష్టద్యుమ్నుడు 1, మొత్తం 107. ఏకలవ్యుడు ఒప్పందంలో లేడు కనుక లెక్కలోకి రాడు. ఎవరు ఎవరి మీదికి బాణం వేశారో, గురువు తల ఎవరి చేతిలో తెగిందో రాయడానికి చోటు ఉండదు. అయినా ఒక తేడా ఉంది. ఆయన బిల్లు పెట్టుకుని విమానం ఎక్కలేదు, శిష్యుల యుద్ధం దాకా నిలబడ్డాడు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. మీ కుడిపక్కన ఇంకొక గడి, దాని పేరు ‘ఆ తరువాత’. పట్టికలో జాగా లేదని మీ గుమాస్తాలు అంటారని తెలుసు. కాగితాన్ని అడ్డంగా తిప్పి ముద్రించమనండి.

ఇట్లు,
మీ పక్కన ఖాళీగా ఉన్న అంచును చూస్తూ కూర్చున్న పాఠకుడు