ట్యాబులా, ఆటోనా: దేవరకొండలో ఓ అక్కాతమ్ముళ్ల పంచాయితీ

ముందు సంగతేంటో చెప్పాలి. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో, తండాల్లో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులం కొందరం నెలకోసారి కలుస్తుంటాం. ఇక్కడినుంచి బొంబాయి వలసపోయి మేస్త్రీగా స్థిరపడ్డ ఒకాయన, పిల్లల చదువుకు వాడండని మా చేతిలో 2 లక్షలు పెట్టాడు. దాంతో ట్యాబులు కొని ఇంట్లోనే ఆన్‌లైన్ పాఠాలు పెట్టాలా, లేక పిల్లల్ని మండల కేంద్రంలోని భవిత సెంటర్‌కు తీసుకెళ్లడానికి ఆటో మాట్లాడాలా? (భవిత అంటే ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద ఇలాంటి పిల్లల కోసం నడిచే కేంద్రం. ప్రత్యేక టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు, రాలేని పిల్లల ఇంటికి టీచరే వారానికోసారి వెళ్తుంది.) ట్యాబుల వైపు తమ్ముడు, ఆటో వైపు అక్క. ఒక తల్లి పిల్లలే. అక్క కొడుక్కి 13 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు మాట వినని స్థితి), నడవలేడు. తమ్ముడికి పుట్టుకతో చూపు లేదు, డిగ్రీ చేసి నల్లగొండలో ఉద్యోగం చేస్తున్నాడు. లెక్కల పుస్తకం నా దగ్గరుంటుంది కాబట్టి మధ్యలో కూర్చుని రాసుకున్నాను. తిట్లు మాత్రం తీసేశాను.

తమ్ముడు: అక్కా, లెక్క సీదాగా ఉంది. ట్యాబ్ ఒక్కోటి పన్నెండు వేలనుకో. పదహారు ఇళ్లకు వస్తాయి. ఆటోకు పెట్టిన పైసలు డీజిల్ పొగలో పోతాయి.

అక్క: నేనూ వేశాను లెక్క. ఆటో అతను నెలకు పది వేలకు ఒప్పుకున్నాడు. బడి ఏడాదికి పది నెలలు. అంటే రెండేళ్లు నా కొడుకు గడప దాటుతాడు. నీ ట్యాబ్ రెండేళ్లకు ఏమవుతుంది తమ్మీ? తెర పగిలి సజ్జ మీదికి పోతుంది.

తమ్ముడు: నా సంగతి చూసి కూడా అంటున్నావా ఆ మాట? హాస్టల్లో నాకు ఎవడో ఒకడు పాఠం చదివి వినిపించాలి. వాడికి సినిమా ఉంటే నాకు పాఠం లేదు, వాడికి జ్వరమొస్తే నాకు పరీక్ష పోయినట్టే. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ పెట్టుకున్న రోజు నుంచి నేనెవడినీ బతిమాలలేదు. తెర మీద ఉన్నదంతా చదివి వినిపిస్తుంది, ఆస్ట్రేలియాలో చూపు లేని ఇద్దరు కుర్రాళ్లు 2006లో మొదలుపెట్టిన పని, ఇప్పటికీ ఉచితమే. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఉంది, అది తెలుగు కూడా చదువుతుంది. 2016లో చూపు లేనివాళ్ల కోసం సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ వచ్చాక పుస్తకాలు కూడా నెట్‌లోనే దొరుకుతున్నాయి. నాకు ఉద్యోగం వచ్చింది ఆటో ఎక్కినందుకా, ఫోన్ పట్టినందుకా?

అక్క: నీకు చూపు లేదు, ఆ చూపు చేసే పనిని ఫోన్ నీ చెవిలో చేసిపెట్టింది. బాగుంది, నాకూ సంతోషమే. నా కొడుక్కి కావాల్సింది తొడ కింద ఒక చెయ్యి. అది ఏ ఫోన్‌లో నుంచి వస్తుంది చెప్పు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, అంతకుముందు 1995 చట్టంలో ఏడే ఉండేవని ఆ భవిత టీచరే చెప్పింది. అన్నీ ఒకటే అయితే అన్ని రకాలు ఎందుకు రాసినట్టు? నువ్వేమో అందరినీ గంపగుత్తగా ట్యాబ్‌లో వేస్తున్నావు.

తమ్ముడు: వాడి తొడ కింద చెయ్యి పెట్టేది నువ్వే కదా. ఆ చెయ్యి ఎట్లా పెట్టాలో నీకు నేర్పేది వీడియో. నేను పాఠం వాడి కోసమే అనట్లేదు, నీ కోసం కూడా.

(ఈ మాట దగ్గర అక్క కాసేపు ఆగింది. నిజానికి నేనూ ఆగాను. మేమంతా అప్పటిదాకా ఆన్‌లైన్ చదువంటే పిల్లవాడి ముందు తెర పెట్టడమే అనుకుంటున్నాం.)

అక్క: నా కోసమే అనుకుందాం. కరోనా ఏడాది గుర్తుందా? 2020 సెప్టెంబర్ 1 నుంచి ఊళ్లో పిల్లలకు టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు. టీవీ ముందు పిల్లలంతా బుద్ధిగా కూర్చున్నారు. మావాడికి ఫిజియోథెరపీ ఆగిపోయింది. టీచరమ్మ పాపం వాట్సాప్‌లో వీడియోలు పంపేది, రోజుకొకటి, నేనూ చూసేదాన్ని, చేసేదాన్ని, కైకిలి పోయి వచ్చి రాత్రి తొమ్మిదింటికి లైటు కింద చేసేదాన్ని. ఎంత వంచాలో, ఎక్కడ ఆపాలో తెలియక వాడు ఏడుస్తుంటే భయపడి వదిలేసేదాన్ని. మళ్లీ సెంటర్ తెరిచేసరికి మోకాళ్లు బిగిసిపోయాయి. ఇప్పటికీ సాగలేదు. ఫిజియో మేడం నా చేతి మీద తన చెయ్యి పెట్టి ఇంత బలం, ఇంతకు మించొద్దు అని ఒక్కసారి చూపిస్తే నాకు అర్థమైంది. వంద వీడియోలతో తెలియనిది.

తమ్ముడు: అప్పుడు వీడియో కాల్ పెట్టి ఉంటే...

అక్క: ఆగు. నిరుడు అదే వీడియో నీకూ వినిపించాను, గుర్తుందా? "ఇలా పట్టుకోండి, ఇటు వంచండి, ఇంతవరకు" అన్నారు. ఇలా అంటే ఎలా? నీకేం తెలిసింది?

తమ్ముడు: ...ఏమీ తెలియలేదు.

అక్క: మరి?

తమ్ముడు: అది వీడియో చేసినవాళ్ల తప్పక్కా. కుడి చెయ్యి మోకాలి పైన, ఎడమ చెయ్యి మడమ కింద అని నోటితో చెప్పి ఉంటే నాకూ తెలిసేది, పొలంలో ఫోన్ జేబులో పెట్టుకుని వినే ఆడవాళ్లకూ తెలిసేది. ఇలాంటివే కోర్టు దాకా పోయాయి. బ్యాంకు వాళ్లు కేవైసీకి కెమెరా ముందు కన్ను ఆర్పమంటారు, కన్నే లేనివాడు ఎట్లా ఆర్పాలి? 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో ఉండటం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది.

అక్క: హక్కు ఇచ్చింది సరే. చందంపేట దిక్కు తండాల్లో సిగ్నల్ ఇచ్చిందా? గుట్ట ఎక్కితే ఒక గీత వస్తుంది. వీల్‌చైర్‌లో ఉన్న పిల్లను గుట్ట ఎక్కించాలా? పైగా ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోనేమో వాళ్ల నాయన జేబులో పూణెలో ఉంటుంది.

తమ్ముడు: అందుకే కదా ట్యాబులు అంటున్నది! డౌన్‌లోడ్ చేసి ఇద్దాం, సిగ్నల్ అక్కర్లేదు.

అక్క: డౌన్‌లోడ్ చేసింది ఏ భాషలో? లంబాడా పిల్లలకు తెలుగే రెండో భాష.

(ఇక్కడ ఇద్దరూ చెవిటి పిల్ల సంగతిలోకి వెళ్లారు. మా గుంపులోనే ఒక తండా నుంచి వచ్చే తొమ్మిదేళ్ల పాప ఉంది, వినపడదు. తల్లిదండ్రులు ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటారు, పాపతో చేతులతో సొంతగా ఏవో సైగలు. అన్నం, నీళ్లు, దెబ్బ తగిలింది, నాయన బొంబాయి పోయాడు. ఇంకో ఇరవై ఉంటాయేమో.)

తమ్ముడు: ఆ పాపకు ఆటో ఏం చేస్తుంది? మన సెంటర్లో సైన్ లాంగ్వేజ్ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. నెట్‌లో ఉన్నది చూడు. సైన్ లాంగ్వేజ్ కోసమే ఢిల్లీలో ఉన్న ప్రభుత్వ సంస్థ ఐఎస్‌ఎల్‌ఆర్‌టీసీ వాళ్ల నిఘంటువులో 10,000 పదాలున్నాయి, 2022లో సైన్ లర్న్ అని యాప్ తెచ్చారు. 2024 డిసెంబర్ నుంచి పీఎం ఈ-విద్యలో 31వ ఛానెల్ మొత్తం సైన్ లాంగ్వేజ్‌కే ఇచ్చారు, డిష్ ఉంటే టీవీలోనే వస్తుంది.

అక్క: ఆ యాప్ వచ్చినప్పుడు పదం వెతకాలంటే ఇంగ్లీషో హిందీయో రావాల్సి ఉండేది, వాళ్లమ్మకు రెండూ రావు. అది కూడా పక్కన పెట్టు. పదివేల పదాలు నేర్చుకుని ఆ పిల్ల ఎవరితో మాట్లాడాలి? గోడతోనా? సెంటర్‌కు వస్తే ఇంకో చెవిటి పిల్లవాడు ఉన్నాడు. ఇద్దరూ కలిసిన రెండో వారమే సొంతంగా నాలుగు కొత్త సైగలు పుట్టించారు, టీచరమ్మకు కూడా అర్థంకాని సైగలు. నవ్వుకుంటుంటే చూశాను.

తమ్ముడు: ఆ నాలుగు సైగలతో పదో తరగతి పాసవుతుందా? మిర్యాలగూడలోనో హైదరాబాద్‌లోనో సైన్ వచ్చిన చెవిటి అమ్మాయి ఎవరైనా వారానికి రెండు గంటలు వీడియో కాల్‌లో కూర్చుంటే, పాపకు తనలాంటి పెద్దమనిషి కళ్లముందు కనిపిస్తుంది. పెద్దయ్యాక నేనేమవుతానో ఆ పిల్లకు ఎవరు చూపించారు ఇప్పటిదాకా? నాకు హాస్టల్లో చూపు లేని సారు ఉండేవాడు కాబట్టి నాకు తెలిసింది.

(ఇది తమ్ముడు కొట్టిన గట్టి దెబ్బ. అక్క దీనికి జవాబివ్వలేదు, మాట మార్చింది. నేను రాసుకున్నాను.)

అక్క: ఆన్‌లైన్‌లో మోసాల సంగతి చెప్పవే? ఇంటి దగ్గరే నడిపిస్తామని, మూడు నెలల ప్యాకేజీ అని నా దగ్గర ఎవరో తొమ్మిది వేలు గుంజారు. నాలుగు క్లాసుల తర్వాత ఫోనే ఎత్తలేదు. వీడియోలో మెడలో స్టెతస్కోప్ వేసుకుని కూర్చుంది మహాతల్లి.

తమ్ముడు: స్పెషల్ టీచరైనా, స్పీచ్ థెరపిస్టైనా ఇలాంటివాళ్ల పేర్లు నమోదు చేసే ప్రభుత్వ కౌన్సిల్ ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి, సీఆర్‌ఆర్ అనే నమోదు నంబర్ ఉంటుంది. అడిగావా?

అక్క: అట్లాంటి నంబర్ ఉంటుందని నాకెవరు చెప్పారు?

తమ్ముడు: నెట్‌లోనే ఉంది.

అక్క: నెట్‌లో ఉంది! బావిలో నీళ్లున్నాయని దూప తీరుతుందా? నాకు తెలిసినవన్నీ సెంటర్ బయట బెంచీ మీద కూర్చుని తెలుసుకున్నవే. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు అప్పట్లో మీసేవలో స్లాట్ బుక్ చేసుకోవాల్సి ఉండేదని, 40 శాతం రాస్తేనే పింఛను అని, అది 2023లో 4,016 అయిందని, నిరామయ ఇన్సూరెన్స్‌లో ఏడాదికి లక్ష దాకా వైద్యం ఖర్చు ఇస్తారని. వాడికి 18 నిండితే తల్లినైనా చట్టం లెక్కలో నేను గార్డియన్‌ను కానని, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ ఉండే కమిటీకి అర్జీ పెట్టుకోవాలని గుర్రంపోడు నుంచి వచ్చే ఒకామె చెప్పింది. ఆమె కొడుక్కి ఇరవై నాలుగు. అయిదేళ్ల తర్వాత నాకు ఏం ముంచుకొస్తుందో ఆమెకు తెలుసు. ఏమని వెతకాలో తెలియనిదాన్ని ఏమని టైప్ చేయాలి తమ్మీ?

తమ్ముడు: మరి సికింద్రాబాద్? బోయినపల్లి దగ్గర వైకల్యం ఉన్న పిల్లల్ని చూసే ఆ జాతీయ సంస్థకు, ఎన్‌ఐఈపీఐడీకి పోయి చూపించమంటే ఏడాదికి ఒక్కసారి పోతున్నావు. వాళ్లతో వీడియో కాల్‌లో మాట్లాడితే...

అక్క: పోనా? ఇక్కడి నుంచి నూరు కిలోమీటర్ల పైనే. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. టికెట్ లేదు గానీ వాణ్ని మోసే వీపు నాదే కదా. ఇరవై ఎనిమిది కిలోలున్నాడు ఇప్పుడు. సరే, అక్కడి డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడటం వరకు నేను ఒప్పుకుంటా. రాసుకో అన్నా, ఒప్పుకున్నానని.

(రాసుకున్నాను.)

తమ్ముడు: చూశావా!

అక్క: ఏంది చూసేది? దానికి పదహారు ట్యాబులు ఎందుకు? ఇంకో భయం కూడా ఉంది. ట్యాబులు ఇచ్చామని తెలిసిందనుకో, రేపు టీచర్ ఇంటికి రావడం మానేస్తే, మీకు ఆన్‌లైన్ ఉందిగా అంటే? ఆ 2016 చట్టంలోనే ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా దగ్గరి బడిలోనో ప్రత్యేక బడిలోనో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. పదహారు ట్యాబులకు ఆ హక్కును మనమే అమ్ముకున్నట్టు అవుతుంది.

తమ్ముడు: నువ్వు మరీ దూరం పోతున్నావు.

అక్క: దూరమేం కాదు, మర్రిగూడ దాకే. మన అమ్మమ్మ నీళ్లలోని ఫ్లోరైడ్‌తో నడుము వంగి చనిపోయింది కదా. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ప్రమాదమని తెలిసినవాళ్లకు తెలుసు. నీళ్లలో పటిక, సున్నం వేసి కలిపి తేరుకోనివ్వాలని నీరీ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పద్ధతి కనిపెట్టారు, దానికి మన జిల్లా పేరే పెట్టారు. నల్లగొండ పద్ధతి. ప్రపంచమంతా పుస్తకాల్లో ఉంది. మన అమ్మమ్మ ఇంట్లో ఎవరు కలిపారు?

తమ్ముడు: ఆ పద్ధతి పనికిరాక కాదక్కా. రోజూ బిందెడు నీళ్లకు పటిక తూచి, కలిపి, గంటసేపు ఆగే తీరిక ఎవరికి ఉంది పొలం పని ఉన్న ఇంట్లో...

అక్క: అదే.

తమ్ముడు: ...

అక్క: అదే నేనంటున్నా పొద్దుటి నుంచి. కృష్ణ నీళ్లు నల్లాలో ఇంటికి వచ్చాక కదా మన దగ్గర పిల్లల పళ్లు తెల్లబడింది. నాకు పాఠం తెలియక కాదు రా, ఇంకో రెండు చేతులు లేక. సెంటర్‌కు వాణ్ని పంపితే నాకు నాలుగు గంటలు దొరుకుతాయి. ఆ నాలుగు గంటల్లో కైకిలి పోతానో, పడుకుంటానో, నా ఇష్టం.

(పడుకుంటానో అన్న మాట అంటున్నప్పుడు అక్క గొంతులో ఏ సిగ్గూ లేదు. మీటింగుల్లో ఏ తల్లీ ఇంతవరకు ఆ మాట అనలేదు.)

తమ్ముడు: సరే, ఆటోకే పెట్టండి. కానీ మొత్తం కాదు. ఒక్క ట్యాబ్ కొని సెంటర్లో ఉంచుదాం. ఫిజియో మేడం ఒక్కో తల్లికి నేర్పేటప్పుడు అందులో రికార్డు చేద్దాం, చేతులు ఎక్కడున్నాయో నోటితో చెప్పిస్తూ. తెలుగులో ఒకసారి, లంబాడీలో ఒకసారి. మాటలు నేను సరిచేస్తా, నాకు వింటే అర్థమైతే అందరికీ అర్థమైనట్టే. సాయంత్రం ఆ పాపకు వీడియో కాల్ కూడా దాంట్లోనే. పన్నెండు వేలు చాలు.

అక్క: పన్నెండు వేలంటే ఆటో నెల మీద ఆరు రోజులు.

తమ్ముడు: రెండేళ్లలో నెల పైన ఆరు రోజులు పోతే కొంప మునగదు.

అక్క: మే నెలలో సెలవులకు ఆగిపోయేది ఆటోనే, జూన్ మొదటి వారం ఆలస్యమయ్యేదీ ఆటోనే, అందులోంచి ఇంకో నెల కోస్తానంటావు. పాత ఫోన్ ఒకటి నీ దగ్గర ఉంది కదా, అది ఇవ్వు.

తమ్ముడు: దాని మైకు సరిగ్గా లేదు. మాట వినపడని వీడియో ఎవరికి?

అక్క: మైకు బాగుచేయించు. అయిదు వందలు రాసుకో అన్నా.

తమ్ముడు: రాయకన్నా.

(లోపల పిల్లవాడు మూలిగాడు. పక్కకు తిప్పే టైం అయింది. అక్క లేచింది, తమ్ముడు కూడా ఆమె భుజం పట్టుకుని వెనకే వెళ్లాడు. మోకాలి కింద చెయ్యి ఎక్కడ పెట్టాలో ఆమె తమ్ముడి చెయ్యి పట్టుకుని చూపిస్తుండటం నాకు గుమ్మంలోంచి కనిపించింది, మధ్యలో మైకు గొడవ ఆగలేదు. పుస్తకంలో ఆటో అని రాసి నెలకు పది వేలు వేశాను, దాని కింద ఒక గీత ఖాళీగా వదిలేశాను.)