సవరణ: కాథలిక్ బడుల మీద నేను రాసినదాంట్లో రెండు తప్పులు

మొన్న బెంగళూరు కాథలిక్ బడుల గురించి రాస్తూ సెయింట్ జోసెఫ్స్‌ను జెస్యూట్ ఫాదర్లే (యేసు సభ అనే కాథలిక్ గురువుల సంఘం వాళ్లు) పెట్టారన్నాను. కాదు. 1858లో మొదలుపెట్టింది పారిస్ ఫారిన్ మిషన్స్ అనే ఫ్రెంచ్ కాథలిక్ మిషనరీ సంఘం వాళ్లు. జెస్యూట్ల చేతికి వచ్చింది 1937లో.

రెండోది అంతకంటే పెద్ద పొరపాటు. కాథలిక్ బడుల్లో చేరిన ప్రతి పిల్లా క్యాటెకిజం (కాథలిక్ మతబోధ) క్లాసులో కూర్చోవాల్సిందే అన్నట్టు రాసేశాను. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు తెలుగు అమ్మలు అడ్మిషన్ల టైమ్‌లో అది చదివి టెన్షన్ పడ్డారు. (ఒకావిడ ఫోన్‌లో నన్ను బాగానే దులిపింది, న్యాయమే.) మామూలుగా క్యాటెకిజం కాథలిక్ పిల్లలకే, మిగతావాళ్లకు మోరల్ సైన్స్ చెబుతారు. పైగా రాజ్యాంగం 28(3) అధికరణం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడి, పెద్దవాళ్ల ఒప్పుకోలు లేకుండా మైనర్ పిల్లల్ని మతబోధకు రమ్మని బలవంతపెట్టకూడదు. నేను మైనారిటీలకు బడులు పెట్టి నడుపుకునే హక్కిచ్చే 30(1) ఒక్కటే చూసి తీర్పు చెప్పేశాను.

కాథలిక్ బడి అస్తిత్వం మీద 2022లో వాటికన్ ఇచ్చిన పత్రం పేరులోనే ‘సంభాషణ సంస్కృతి’ (వేరే మతాల వాళ్లతోనూ మనసు విప్పి మాట్లాడుకునే తీరు) అన్న మాట ఉంది. దాన్నీ వదిలేశాను.